ఎముకల సాక్ష్యము



గండిపేట చెరువు సమీపముననున్న చిల్కూరువంటి యూరిలో, పాతబావి పూడిక తీయుచుండగా నొక పుర్రెయు, కొన్ని యెముకలును, వానితో నొక గాజుముక్కయు బయల్పడినవనుకొందము. గట్టుమీద నిలిచినవారిలో నొకరు “గాజున్నది గదా, ఆడమనిషియే” యందురు. ఆ మాట యూరంతయు వ్యాపించును. నిజమునకవి పురుషుని యెముకలైనచో, తప్పిపోయిన కుమారునికై యెదురుచూచు నొక తల్లికి చేరవలసిన వార్త చేరకయే పోవును. కావున, ఎముకలు స్త్రీవో పురుషునివో శాస్త్రజ్ఞులెట్లు నిర్ణయింతురో నేడు మీకు మనవి చేసెదను.

సాక్షులలో మేలైనది తుంటియెముక. ప్రసవమున శిశువు వెడలుటకు దారి కావలెను గనుక స్త్రీల కటిభాగము వెడల్పుగా నుండును. ముందువైపున రెండు తుంటియెముకలు కలియుచోట క్రింద నేర్పడు కోణము స్త్రీలలో విశాలము, పురుషులలో ఇఱుకు. వెనుకవైపు గండియు నట్టిదే. రెండవ సాక్షి పుర్రె. పురుషుల పుర్రెలో కనుబొమల మీది గట్టును, చెవి వెనుక బుడిపెయు సాధారణముగా పెద్దవి. ఎదిగినవారి కటియెముకలు చక్కగా దొరికినచో నూటికి సుమారు 95 పర్యాయములు నిర్ణయము సరియగునని నిపుణుల యంచనా. పుర్రె యొక్కటే యైనచో నంత నిశ్చయముండదు. తొడయెముక పొడవు మాత్రము చూచి చెప్పుట మఱింత ప్రమాదము. పొడగరియైన స్త్రీయు, పొట్టివాడైన పురుషుడును లేకపోలేదు గదా!

పసిపిల్లల యెముకలలో నీ భేదములింకను స్పష్టపడవు. అప్పుడు పంటినుండియో యెముకనుండియో డి.ఎన్.ఏ. తీసి చూతురు. స్త్రీలకు రెండు ఎక్స్ క్రోమోజోములు, పురుషులకు ఒక ఎక్స్, ఒక వై యుండుట దీనికాధారము.

ఇందుకు మన హైదరాబాదు నుండియే యొక నిదర్శనము కలదు. హిమాలయములలో రూప్‌కుండ్ సరస్సు నొద్ద పెక్కు అస్థిపంజరములున్నవి. అవి యొక సైన్యమువని కొందఱూహించిరి. సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు ఇతర దేశముల వారితో కలిసి 38 మంది యెముకలను పరీక్షించి, 2019లో ఫలితములు ప్రకటించిరి. వారిలో 23 మంది పురుషులు, 15 మంది స్త్రీలు! సైన్యమను నూహ యిక నిలుచుట కష్టము.

పెద్దలారా, ఇందు మీ వంతు పని గలదు. అనుమానాస్పద మరణములలో పోలీసువారు ఇద్దఱు లేక అంతకు మించిన గౌరవనీయులగు స్థానికుల సమక్షమున విచారణ జరుపవలెనని చట్టము. పంచనామాపై చేవ్రాలు చేయువారు మీరే. కావున ఎముకలు కనబడినంతనే త్రవ్వకమాపింపుడు. వానిని కడుగవలదు, కుప్పవేయవలదు, పుణ్యమని నదిలో కలుపవలదు. వెంటనే ఠాణాకు కబురంపుడు. చిన్నముక్కయైనను పోనీయకుడు, ఆ ముక్కయే తుంటియెముకది కావచ్చును. పంచనామాలో గాజును గాజనియే, ఎముకను ఎముకయనియే వ్రాయింపుడు. స్త్రీయో పురుషుడో వైద్యుడు చెప్పును. నోరులేని సాక్షి మాట చెడకుండ కాపాడుట మీ చేతిలోనున్నది.