మన గురించి రాసినవి మనమే చదువుదాం



మా దగ్గర చదివి డిగ్రీ, పీజీకి వెళ్లిన పిల్లలు ప్రాజెక్టు రాయాల్సి వస్తే మాకు ఫోన్ చేస్తారు. "మేడమ్, మా తెగ మీద పుస్తకాలే లేవు" అంటారు. ఉన్నాయి. చాలావాటిని పైసా కట్టకుండా ఫోన్‌లోనే చదవొచ్చు. చెప్పేవాళ్లు లేక పిల్లలు ఒకరి ప్రాజెక్టు చూసి ఒకరు రాసేస్తున్నారు.

మొదటిది ఇంటర్నెట్ ఆర్కైవ్. దక్షిణ భారత కులాలు, తెగలపై థర్‌స్టన్, రంగాచారి 1909లో తెచ్చిన ఏడు సంపుటాలు అందులో ఉన్నాయి. గ్రియర్సన్ భాషా సర్వే నాలుగో సంపుటం, 1906 నాటిది, కూడా ఉంది. సవర, గదబ, గోండి, కొలామి భాషల నమూనాలు అందులో చూడొచ్చు.

రెండోది శోధ్‌గంగ. మన విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ గ్రంథాలు అధ్యాయాలవారీగా దిగుతాయి. ఒక మంచి గ్రంథం దొరికితే దాని చివరి పుస్తకాల పట్టిక చూడండి. అక్కడినుంచి పది దారులు తెరుచుకుంటాయి.

మూడోది చికాగో విశ్వవిద్యాలయం వారి దక్షిణాసియా నిఘంటువులు. బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ పదకోశంలో గోండి, కువి, కొలామి మాటలు వెతుక్కోవచ్చు. సవర, గదబ ముండా భాషలు కాబట్టి వాటిని అక్కడ వెతికి నిరాశ పడొద్దు. మనలో ఒల్లారి గదబ మాట్లాడేవారి భాష మాత్రం ద్రావిడమే.

వెతికేటప్పుడు ఒక్క పేరుతో ఆగకండి. సవరను ఇంగ్లీషులో సవర, సౌర, సోర అని రకరకాలుగా రాశారు. అన్నీ కొట్టి చూడాలి.

దొరికిందల్లా నిజమని రాసేయకూడదు. థర్‌స్టన్ మన పెద్దల తలలు, ముక్కులు కొలిచి మనుషులను వర్గాలుగా పెట్టినవాడు. గిడుగు రామమూర్తి పంతులు గారు అలా కాదు, సవరల దగ్గరే కూర్చుని వారి భాష నేర్చుకున్నారు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. ఎవరు రాశారు, ఏ సంవత్సరం, ఎవరిని అడిగి రాశారు అని చూసి, ఆ పేజీ మన అవ్వకు చదివి వినిపించండి. "అది కాదు బిడ్డా" అని ఆమె అంటే, ఆ మాటే మీ పరిశోధన.

ఉచితంగా చదవడం వేరు, సొంతమన్నట్టు వాడుకోవడం వేరు. మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్లు హక్కు ఉంటుంది. ఎప్పటి పుస్తకమైనా పేరు, పేజీ రాయాలి. మన వైపూ అంతే. అవ్వ పాట రికార్డు చేస్తే ఆమె ఒప్పుకున్నాకే నెట్‌లో పెట్టాలి. పూజ పాటలు కొన్ని ఊరు దాటకూడదంటే దాటకూడదు.

వందేళ్లుగా మన గురించి పైవాళ్లే ఎక్కువగా రాశారు. చదివి, సరిదిద్ది, ఇక మన పిల్లలు రాయాలి. వచ్చే సంచికలో ఆ రాతలు చూడాలని మా కోరిక.