ద్వారపాలకుని ధర్మము

(ఒక గ్రంథాలయ వార్షికోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఈ గ్రంథాలయమున పాఠకుల యుపయోగార్థము కంప్యూటర్లు నెలకొల్పబడినవి. సంతోషము. అయితే వానిముందు కూర్చుండువారు ఏమి చూచుచున్నారో కార్యదర్శి కనిపెట్టి యుండవలెనా, అక్కరలేదా యను ప్రశ్న కార్యవర్గమునకు వచ్చినది. ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ఇంటర్నెట్టు ఇంటింటికి రాకపూర్వమే అమెరికాదేశమున వేలకొలది సామాన్యులు దీని నెదుర్కొనిరి. వారి యనుభవమును మీకు విన్నవించుటయే నేటి నా యుద్దేశము.

1978 జనవరిలో చికాగో నగరమును మంచుతుపాను ముంచివేసెను. ఇల్లు కదలుటకు వీలులేని యా దినములలో వార్డ్ క్రిస్టెన్సెన్, రాండీ స్యూస్ అను ఇరువురు మిత్రులొక యుపాయమును చింతించిరి. ఫిబ్రవరి 16వ తేదీన అది ప్రజలకు తెరవబడెను. టెలిఫోను తీగమీదుగా ఒక కంప్యూటరును పిలిచి, ఒకరు వ్రాసిపోయిన ప్రకటనను మరియొకరు చదువుకొనవచ్చును, ప్రత్యుత్తరమును వ్రాయవచ్చును. గోడకు తగిలించు ప్రకటనల పలకను బట్టి దానికి బులెటిన్ బోర్డు అని పేరు వచ్చెను. తరువాతి పదునైదేండ్లలో ఇట్టివి వేలకొలది వెలసెను. వానిలో ననేకము సర్కారువారివి కావు, కంపెనీలవియు కావు. ఔత్సాహికులు తమ గదులలో తమ ఖర్చుతో నడపినవి. అట్టి నిర్వాహకులను సిసాపులనిరి.

ఈ సిసాపు స్థితి విచిత్రమైనది. దూరమున నున్నవాడొక యక్షరమును కొట్టిన, అది సిసాపు తెరపైని గూడ తోచుచుండెను. ఎవడెప్పుడు వచ్చెనో, ఏ ఫైలును తీసికొనెనో, ఎంతసేపుండెనో చిట్టాలో నమోదగుచుండెను. ప్రైవేటు అని గుర్తు పెట్టిన యుత్తరము గూడ అతని డిస్కుపై తాళము లేని పెట్టెలోని కాగితమే. అతడు చాటుగా పొంచియుండ నక్కరలేదు. కన్ను తెరచిన చాలును. యంత్రము చెడినప్పుడు బాగుచేయుటకును, దొంగిలించిన కార్డుల నంబర్ల నెవడైన తెచ్చి పెట్టినప్పుడు తొలగించుటకును అతడు చూడక తప్పదు గూడ.

చూపు తప్పనిదైనప్పుడు ధర్మమెక్కడ నిలుచును? మంచి సిసాపులు దీనికి సూటియైన సమాధానమును చెప్పిరి. బోర్డులో ప్రవేశింపగనే మొదటి తెరపై, ఇచ్చట రహస్యమైన యుత్తరము లేదనియు, నిర్వాహకుడు దేనినైనను చదువగలడనియు ప్రకటించిరి. ఇది మర్యాదలేని మాటవలె తోచవచ్చును. కాని అతిథిని మోసగింపని మాట యిదియే.

1984లో టామ్ జెన్నింగ్స్ ఫిడోనెట్ అను బోర్డుల కూటమిని ఆరంభించెను. దాని మూలమున ఒక యూరి యుత్తరము మధ్యనున్న బోర్డుల మీదుగా మరియొక యూరికి పోవ మొదలిడెను. దారిలోని ప్రతి సిసాపును దానిని చదువగలడు. 1989లో వారు తమకు తామే యేర్పరచుకొనిన నియమావళిలో, తనకు రాని ప్రైవేటు ఉత్తరములోని సంగతిని బయటపెట్టుటయు వాడుకొనుటయు తగవని వ్రాసికొనిరి. అదే నియమావళిలో, అక్రమము జరుగకుండ చూడవలసి యుండుటచే, దారిలోని వారి యనుమతి లేనిదే గూఢలిపిలో వ్రాసిన యుత్తరములను పంపరాదనియు నుండెను. ఒక చేత విశ్వాసము, ఒక చేత అనుమానము! ఆ రెంటిని సరితూచుట వారికిని కష్టమే యయ్యెను.

అమెరికా ప్రభుత్వము 1986లో ఎలెక్ట్రానిక్ ఉత్తరములను గూర్చి చట్టమును చేసెను. ఆ చట్టము సేవ నడపువానిని తన యంత్రములో నిలువయున్న యుత్తరములను చూడవలదని యనలేదు. కొన్ని సందర్భములలో దక్క వానిలోని విషయమును పరులకు వెల్లడింపరాదని మాత్రము శాసించెను. అనగా కంటిని విడిచి నాలుకను కట్టెను.

నాలుకను కట్టిన చాలునా? 1990 మార్చి 1వ తేదీన టెక్సాసులోని ఆస్టిన్ నగరమున స్టీవ్ జాక్సన్ గేమ్స్ అను ఆటల ప్రచురణ సంస్థపై సీక్రెట్ సర్వీసు అధికారులు దాడిచేసిరి. అనుమానము ఒక యుద్యోగి పైది. సంస్థపై నేరారోపణయే లేదు. అయినను ఆ సంస్థ నడపు బులెటిన్ బోర్డు కంప్యూటరును మూటగట్టుకొని పోయిరి. అందులో, చేరవలసినవారు ఇంకను చదువని యుత్తరములు 162 ఉండెను. అధికారులు వానిని చదివి తుడిచివేసిరని 1993లో న్యాయస్థానము నిర్ణయించి, వ్యాజ్యము తెచ్చిన వారికి తలకు వేయి డాలర్లును, సంస్థకు ఏబదివేల డాలర్లకు పైగాను పరిహార మిప్పించెను. న్యాయము లభించెననుట సత్యమే. కాని ఉత్తరములు పోయిన మూడేండ్లకు లభించెను.

మహాశయులారా! ఈ కథ సారమిది: నిర్వాహకుడు ఎంత సజ్జనుడైనను, అతడు దాచియుంచినదంతయు బలవంతుని చేతికి పోగలదు. చూచి మరచిన దానిని ఎవరును జప్తు చేయజాలరు. వ్రాసి దాచిన దానికే భయము.

మనకిది పరదేశపు ముచ్చట కాదు. పరాయి ప్రభుత్వము 1898లో చేసిన తపాలా చట్టము, ప్రజల యుత్తరములను అడ్డగించు నధికారమును సర్కారుకిచ్చెను. ఆ చట్టమును తొలగించి 2023లో మన పార్లమెంటు క్రొత్త చట్టమును చేసెను. ఆ యధికారము మాత్రము పోలేదు. ఆంతరంగికత పౌరుని ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24వ తేదీన తొమ్మండుగురు న్యాయమూర్తుల సుప్రీముకోర్టు ధర్మాసనము ఏకగ్రీవముగా తీర్పుచెప్పెను. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, పని తీరిన పిమ్మట సమాచారమును తుడిచివేయవలెనన్న సూత్రము నంగీకరించినది. కాని ప్రభుత్వము తన శాఖలలో కోరినవానిని ఆ చట్టమునుండి మినహాయించుకొను వీలును గూడ నుంచుకొనినది. పాలకుడు మనవాడైనంత మాత్రమున తాళముచెవి యనవసరము కాదు.

ఇక మన సంగతి. ఇంటర్నెట్టు కేంద్రములకై 2011లో చేసిన నియమములు, వచ్చినవారి గుర్తింపును, చూచిన వెబ్‌సైట్ల చిట్టాను ఏడాది యుంచవలెనని కోరుచున్నవి. అవి మన గ్రంథాలయమునకు వర్తించునో లేదో న్యాయవాదు లెరిగిన వారినడిగి తెలిసికొందము. వర్తించినచో చట్టము కోరినంత యుంతము, గడువు తీరిననాడే తుడిచివేయుదము. వర్తింపనిచో ఆ చిట్టాయే వలదు. ఏది వ్రాయబడుచున్నదో కంప్యూటరు ప్రక్కనే పెద్ద యక్షరములతో తెలుగున వ్రాసి యంటింతము. కార్యదర్శిగారు పాఠకుని భుజముపైనుండి తొంగిచూడకుందురుగాక! ఒక ఆడుబిడ్డ తన వ్యాధిని గూర్చి చదువుకొనవచ్చును. ఒక కూలివాడు తన యజమాని చెల్లింపవలసిన కనీసవేతనమును గూర్చి చదువుకొనవచ్చును. ఆ సంగతి ఊరిలో పొక్కునను భయము కలిగిననాడు వారిక ఈ గడప తొక్కరు.

స్వరాజ్యమనగా ఇతరులు మనలను పాలింపకుండుట మాత్రమే కాదు. అధికారము చేత నున్నప్పుడు మనలను మనము పాలించుకొనుట. ద్వారమున నిలిచినవానికి లోపలి దంతయు కనబడును. కనబడిన దానినెల్ల చూడకుండుటయు, చూచినదానినెల్ల దాచకుండుటయు అతని ధర్మము. ఆ ధర్మము మన గ్రంథాలయముననే మొదలగుగాక!