మంచిచెడ్డల కాగితము

(సంఘ కుటుంబ కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఇంట్లో ఒక పెద్ద సంగతి తేల్చవలసి వచ్చినప్పుడు మనము సాధారణముగా ఏమి చేస్తాము? నలుగురము కూర్చుంటాము. గొంతు పెద్దగా ఉన్నవాని మాట నెగ్గుతుంది. మిగిలినవారు "సరే, మీ ఇష్టము" అంటారు. ఆరు నెలల తరువాత వారే "నేనప్పుడే అనుకున్నాను" అంటారు. గోపురము కట్టబోయేవాడు ముందుగా లెక్క చూచుకోవలెనను ఉపమానము మనము చిన్ననాటినుండి వింటున్నదే. అయితే డబ్బు కాని వాటిని లెక్క చూచుట ఎట్లు? దానికొక చిన్న పనిముట్టు ఉన్నది. కావలసినది ఒక కాగితము, ఒక పెన్సిలు, మూడు నాలుగు రోజుల ఓర్పు.

ఇది క్రొత్త పద్ధతి కాదు. 1772లో ఇంగ్లండులోని లీడ్స్ పట్టణములో జోసెఫ్ ప్రీస్ట్లీ అనే బోధకుడు ఉండేవాడు. లార్డ్ షెల్‌బర్న్ అనే ప్రభువు ఆయనను తన కొలువులోనికి రమ్మన్నాడు. సంఘమును విడిచి పోవలెనా, మానవలెనా? తేల్చుకోలేక స్నేహితుడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ను సలహా అడిగినాడు. సెప్టెంబరు 19న ఫ్రాంక్లిన్ జవాబు వ్రాసినాడు. మీ పరిస్థితులు నాకు చాలినంత తెలియవు గనుక ఏమి చేయవలెనో చెప్పలేను, ఎట్లు తేల్చుకోవలెనో మాత్రము చెప్పగలను అన్నది ఆ జవాబు సారాంశము.

కాగితము మధ్యగా గీత గీయవలెను. ఒక ప్రక్క అనుకూలమైనవి, ఇంకొక ప్రక్క ప్రతికూలమైనవి. మూడు నాలుగు రోజులపాటు తోచినవన్నీ పొట్టి మాటలలో వ్రాయవలెను. తరువాత వాటి బరువులు పోల్చి, ఇటొకటి అటొకటి సమానమైతే రెండింటిని కొట్టివేయవలెను. ఇటు ఒకటి అటు రెండింటికి సరితూగితే మూడింటిని కొట్టివేయవలెను. మిగిలినది ఎటు మొగ్గు చూపునో చూచి, ఇంకొకటి రెండు రోజులు ఆగి తేల్చుకోవలెను. కారణములన్నీ మన మనస్సులోనికి ఒక్కసారిగా రావు, కొన్ని కనబడుచుండగా కొన్ని మరుగున పడతాయి గనుక ఇంత శ్రమ. ప్రీస్ట్లీ 1773లో ఆ కొలువులో చేరినాడు. మరుసటి సంవత్సరము అక్కడనే ఆయన ఆమ్లజని వాయువును కనుగొన్నాడు.

నాన్న పోయిన ఏడాది మా ఇంటికి కూడ ఇటువంటి ప్రశ్న వచ్చినది. అమ్మ పల్లెలో ఒంటరిగా ఉన్నది. మోకాళ్ల నొప్పులు, రాత్రిపూట చూపు ఆనదు. క్రిస్మసుకు కలిసిన తోబుట్టువులము ముగ్గురమూ గంటలో తేల్చివేసినాము: ఇంటికి తాళము వేసి, అమ్మను తలా నాలుగు నెలలు పట్నములో ఉంచుకుందాము. ఒక్కరూ కాదనలేదు. ఆ తొందరే మాకు అనుమానము కలిగించినది. అక్క పిల్లల నోటుపుస్తకములోనుండి ఒక కాగితము చించినది.

ఎడమ ప్రక్క వ్రాసినాము: ఆసుపత్రి దగ్గర; పడితే లేపే మనిషి ఉంటారు; రాత్రి ఒంటరితనము తప్పుతుంది; మాకు నిశ్చింత. కుడి ప్రక్క: మూడవ అంతస్తు మెట్లు, పగలంతా ఇంట్లో ఎవరూ ఉండరు, ఇరుగుపొరుగు లేరు, నలభై ఏళ్లుగా వెళ్లుచున్న గుడి దూరము. రాత్రి ఒంటరితనమును, పగటి ఒంటరితనమును సమానమని కొట్టివేసినాము. మూడవ రోజుకు కూడ ఎడమ ప్రక్కనే మొగ్గు. అప్పుడు గమనించినాము, ఎడమ ప్రక్క బరువంతా మా భయములదే.

ఎడ్వర్డ్ డి బోనో అనే వైద్యుడు బడిపిల్లలకు ఆలోచించుట నేర్పుటకు కొన్ని పనిముట్లు తయారుచేసినాడు. ఇందులో ఇమిడి ఉన్న ఇతరులు దీనిని ఎట్లు చూస్తారు అని అడుగుట వాటిలో ఒకటి. ఎంత సులువైన ప్రశ్న! మేము అడగనిది అదే. అరుగు మీద కూర్చుండి అమ్మకు కాగితమంతా చదివి వినిపించినాము.

అమ్మ విని, "రాసిందంతా నిజమే నాయనా. మరి నన్ను నాలుగేసి నెలలు పంచుకుంటామన్నది ఏ పక్కనా రాయలేదేం?" అన్నది.

మాకు నోట మాట లేదు. అది తేలిపోయిన సంగతి అనుకున్నాము గనుక తూకములోనే పెట్టలేదు. ఆ రాత్రే మూడవ దారి కనబడినది. అమ్మ అక్కడనే ఉండుట, స్నానాలగది ఇంటిలోపల కట్టించి గోడకు పట్టుకొనే కమ్మీ బిగించుట, ప్రక్కింటి పిన్ని రాత్రులు తోడు పడుకొనుట, ఆరు నెలలకొకసారి మరల ఆలోచించుట. కాగితము అడుగున అమ్మ మాటను, తేదీని వ్రాసి దాచినాము.

రెండవ ఏడు వానలలో అమ్మ పెరట్లో జారి మణికట్టు విరుగగొట్టుకొన్నది. ఆసుపత్రి వరండాలో మా ముగ్గురి నాలుకల మీద ఒకే మాట ఉన్నది: "నేనప్పుడే అనుకున్నాను." ఇంటికి వచ్చి కాగితము తీసి చూచినాము. పడే ప్రమాదము మా చేతివ్రాతలోనే ఉన్నది. తెలిసియే ఒప్పుకొన్నాము. ఆ మాట ఎవరమూ అనలేదు. కట్టు విప్పిన తరువాత అమ్మే అన్నది, "ఇక పెద్దదాని ఇంటికి వస్తాను. ఒక్క ఇంటికే."

కాబట్టి సహోదరులారా, ఈ కాగితము జరుగబోవునది చెప్పదు. మంచి నిర్ణయమునకు కూడ చెడ్డ ఫలితము రావచ్చును. అయితే ఏమి తెలిసి, ఎవరిని అడిగి ఆ పని చేసినామో అది దాచిపెడుతుంది. నింద వెదకే వేళ ఇంటిని కలిపి ఉంచేది అదే. మీ ఇంట రేపు పొలము అమ్మకమో, పిల్లవాని చదువో, పెండ్లి సంబంధమో తేల్చవలసి వస్తే గీత గీయండి, నాలుగు రోజులు ఆగండి. కొట్టివేతలు ముగించకముందే, ఎవరి బ్రతుకు ఆ కాగితము మీద ఉన్నదో వారికి చదివి వినిపించండి.