కాలు తొక్కాక, చక్రం తిరిగేలోపు

హైదరాబాద్‌లో నారాయణగూడ చౌరస్తా నుంచి చిక్కడపల్లి మీదుగా ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా ఉన్న రోడ్డు మీద వెయ్యి హార్స్‌పవర్ కారుకు పనేమీ లేదు. నడిమధ్యన మెట్రో స్తంభాలు, పక్కన ఆటోలు, సిటీ బస్సులు, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల నుంచి పుస్తకాల సంచులతో రోడ్డు దాటే అభ్యర్థులు. అయినా ఈ ప్రసంగం అలాంటి కార్ల గురించే. ఇంజిన్లను విప్పి, మార్చి, కంపెనీ ఇచ్చినదానికి మూడింతలు నాలుగింతలు బలం రాబట్టేవాళ్లు ఏళ్ల తరబడి కుస్తీపడుతున్న చిక్కూ, ఈ రోడ్డు మీద రోజంతా హాఫ్ క్లచ్‌లో బండి లాగే టాక్సీ డ్రైవరు పడే చిక్కూ దగ్గరి చుట్టాలే. ఆక్సిలరేటర్ తొక్కిన క్షణానికీ చక్రానికి బలం అందిన క్షణానికీ మధ్య కాస్త ఎడం ఉంటుంది. దాన్ని వాడుకలో టర్బో లాగ్ అంటారు. ఇలాంటి కారు చూడగానే అందరూ అడిగేది దాని హార్స్‌పవర్ ఎంత అని. అడగాల్సింది ఆ బలం ఎంతసేపటికి వస్తుందని. పెద్ద అంకె సాధించడం డబ్బుతో అయ్యే పని. ఆ ఎడాన్ని తగ్గించడంలోనే అసలు పనితనం ఉందని నా వాదన.

ఇంజిన్‌కు పెట్రోలు పోయడం తేలిక, గాలి పట్టించడమే కష్టం. ఎంత గాలి లోపలికి వెళితే అంత ఇంధనం మండుతుంది, ఎంత మండితే అంత బలం. వెయ్యి హార్స్‌పవర్ కావాలంటే నిమిషానికి దాదాపు 45 కిలోల గాలి కావాలి. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివే అభ్యర్థి అద్దెకుండే పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గదిలోని గాలంతా తోడినా ఆ ఇంజిన్‌కు ఒక్క నిమిషానికి చాలదు. మామూలు ఇంజిన్ పిస్టన్ కిందికి దిగినప్పుడు పీల్చుకోగలిగిన గాలితోనే సరిపెట్టుకుంటుంది. టర్బో ఉన్న ఇంజిన్‌లో, సైలెన్సర్ గుండా వృథాగా పోవలసిన వేడి పొగను ముందు ఒక చిన్న రెక్కల చక్రం మీదికి వదులుతారు. అది టర్బైన్. అదే ఇరుసుకు రెండో కొసన కంప్రెసర్ అనే మరో చక్రం ఉంటుంది. పొగ మొదటిదాన్ని తిప్పితే రెండోది బయటి గాలిని కుదించి ఇంజిన్‌లోకి నెడుతుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషీ 1905లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. చిన్న కార్లలో ఈ చక్రాలు నిమిషానికి రెండు లక్షల చుట్లు కూడా తిరుగుతాయి. సముద్రమట్టానికి ఐదువందల మీటర్లకు పైగా ఎత్తులో ఉన్న హైదరాబాద్‌లో గాలి కోస్తా ఊళ్లకన్నా కాస్త పలచన. ఆ లోటునూ టర్బో చాలావరకు పూడుస్తుంది.

పారేసే పొగలోంచి బలం పుట్టించడం వినడానికి బాగానే ఉంది. కానీ పొగ జోరుగా రావాలంటే ఇంజిన్ గట్టిగా మండాలి, గట్టిగా మండాలంటే గాలి కావాలి, గాలి రావాలంటే టర్బో తిరగాలి, టర్బో తిరగాలంటే మళ్లీ పొగే కావాలి. ఈ వలయం ఊపందుకునేలోపు గడిచే సెకనో రెండు సెకన్లో లాగ్. దీనితో కలగలిపేసే సంగతి ఇంకొకటి ఉంది. ఇంజిన్ చాలా నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు, అంటే నిమిషానికి పన్నెండువందల చుట్ల (ఆర్‌పీఎం) దగ్గరో అంతకన్నా కిందో, ఎంతసేపు ఆక్సిలరేటర్ తొక్కి పట్టుకున్నా బూస్ట్, అంటే టర్బో కుదించి నెట్టే గాలి ఒత్తిడి, రాదు, ఎందుకంటే అక్కడ వచ్చే పొగే టర్బైన్‌కు చాలదు. అది లాగ్ కాదు, గడప దాటకపోవడం. గడప దాటాక కూడా చక్రం వేగం పుంజుకోవడానికి పట్టే సమయమే లాగ్. చిక్కడపల్లి ట్రాఫిక్‌లో మనవాళ్లు పికప్ లేదని తిట్టుకునేది ఎక్కువసార్లు ఆ గడప దాటకపోవడాన్నే. దానికి మందు గేరు తగ్గించడం. లాగ్‌ను గేరుతో పూర్తిగా వదిలించుకోలేం, టర్బో ఏర్పాటునే మార్చాలి.

ఇక్కడే పెద్ద హార్స్‌పవర్ మోజు ఎదురుతిరుగుతుంది. ఎక్కువ గాలి నెట్టాలంటే పెద్ద చక్రం కావాలి. ఒకే ఆకారంలో, ఒకే లోహంతో చేసిన చక్రం వ్యాసాన్ని రెట్టింపు చేస్తే దాని బరువు ఎనిమిదింతలవుతుంది. ఆ బరువు ఇరుసుకు రెండింతల దూరం జరుగుతుంది కాబట్టి, దాన్ని వేగం అందుకునేలా చేయడం ముప్పైరెండింతలు కష్టమవుతుంది. ఈ మొరాయింపే జడత్వం. ఈ లెక్క తిరగేస్తే చికిత్సా దొరుకుతుంది. ఒక పెద్ద టర్బో బదులు, అంతే గాలిని పంచుకుని నెట్టే రెండు చిన్నవి పెడితే, రెండింటి జడత్వం కలిపినా పెద్దదాని జడత్వంలో దాదాపు మూడోవంతే. రెనో సంస్థ 1977లో సిల్వర్‌స్టోన్‌లో ఫార్ములా వన్‌లోకి మొట్టమొదటి టర్బో కారును దించినప్పుడు అందులో ఉన్నది ఒకటే టర్బో. ఇంజిన్లు తరచూ పాడయ్యేవి, మలుపు దాటాక బలం ఆలస్యంగా విరుచుకుపడేది. 1979లో వాళ్లు రెండు చిన్న టర్బోలకు మారారు. ఆ ఏడాదే ఫ్రాన్స్‌లోని దిజోన్‌లో జాన్-పియర్ జబూయి నడిపిన కారు గెలిచింది. టర్బో కారు ఫార్ములా వన్‌లో గెలవడం అదే మొదలు. గెలుపుకు కారణాలు ఇంకా ఉన్నాయి, కాదనను. కానీ గెలిచింది బలం ఎక్కువైనందువల్ల మాత్రమే కాదు, బలం చెప్పినమాట వినడం నేర్చుకున్నందువల్ల కూడా.

బలం ఎంతన్నదానికన్నా ఎప్పుడొస్తుందన్నదే ముఖ్యమనడానికి మన వీధుల్లో సాక్ష్యం కావాలంటే ఫియట్ రూపొందించిన 1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్‌ను చూడాలి. మారుతి స్విఫ్ట్, డిజైర్‌లతో పాటు టాటా, ఫియట్ బళ్లలోనూ నడిచి, 2020లో కొత్త కాలుష్య నిబంధనలతో మన మార్కెట్టు నుంచి తప్పుకున్న ఇంజిన్ ఇది. ఊళ్లోని డిజైర్ టాక్సీల్లో కొన్నింట్లో ఇప్పటికీ అదే ఉంది. 75 హార్స్‌పవర్ రకంలో మామూలు టర్బో ఉండేది. పూర్తి టార్క్, అంటే తిప్పే బలం, 190 న్యూటన్ మీటర్లు, అది వచ్చేది రెండువేల ఆర్‌పీఎం దగ్గర. రెండువేల కింద ఆ బండి ఎంత మందకొడో, దాటగానే ఎలా ముందుకు దూకుతుందో నడిపినవాళ్లందరికీ తెలుసు. అదే ఇంజిన్‌కు 90 హార్స్‌పవర్ రకంలో, టర్బైన్ చుట్టూ కదిలే రెక్కలు అమర్చారు. పొగ తక్కువగా ఉన్నప్పుడు రెక్కలు దగ్గరికొచ్చి దారి ఇరుకు చేస్తాయి, ఆ కొద్దిపాటి పొగే జోరుగా చక్రాన్ని తాకుతుంది. పొగ పెరిగాక విచ్చుకుంటాయి. ఈ రకంలో 200 న్యూటన్ మీటర్లు 1750 దగ్గరే వచ్చేసేవి. అమ్మకాల కాగితాల్లో పెద్ద అక్షరాలతో ఉండేది 75కు 90కు ఉన్న తేడా. సిగ్నల్ దగ్గర తెలిసేది ఆ 250 ఆర్‌పీఎం తేడా. డీజిల్ పొగకన్నా పెట్రోలు పొగ వేడి చాలా ఎక్కువ, రెక్కలు తట్టుకోలేవు. అందుకే పెట్రోలు కార్లకు ఈ ఏర్పాటు రావడానికి చాలా ఏళ్లు పట్టింది. పోర్షా తన 911 టర్బోలో 2006లో దాన్ని నిలబెట్టింది.

అతి బలమైన కార్ల విషయానికొస్తే, టయోటా పాత సుప్రాలోని మూడు లీటర్ల 2జేజెడ్ ఇంజిన్ పేరు ఇంజిన్లు మార్చేవాళ్ల లోకంలో మంత్రంలా వినిపిస్తుంది. దాని టర్బో రకానికి కంపెనీ రెండు టర్బోలు వరుసక్రమంలో పెట్టింది: తక్కువ వేగంలో ఒకటే పనిచేస్తుంది, పొగ పెరిగాక రెండోది చేరుతుంది. వెయ్యి హార్స్‌పవర్ కోసం చాలామంది చేసేదేమిటంటే, ఈ తెలివైన ఏర్పాటును పీకేసి ఒక పెద్ద టర్బో బిగించడం. అంకె వస్తుంది, నాలుగువేల ఆర్‌పీఎం దాకా బండి నిద్రపోతుంది. ఆ నిద్ర వదిలించే విద్యలు కొన్ని చాలా అందమైనవి. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఒకదాని పొగ ఇంకోదానికి అడ్డుపడకుండా ఒకటి-నాలుగు, రెండు-మూడు జతలుగా వేరువేరు దారుల్లో టర్బైన్‌కు చేర్చడం వాటిలో ఒకటి. అదనపు బరువు లేదు, కదిలే భాగం లేదు. బాల్ బేరింగులు, తేలికపాటి లోహపు చక్రాలు, గొట్టాల పొడవు తగ్గించడం కూడా కంటికి కనిపించని మెరుగులే. ర్యాలీ కార్లలో వాడే యాంటీ లాగ్ మాత్రం మొరటు విద్య. డ్రైవరు కాలు తీసినప్పుడు కూడా పొగ గొట్టంలోనే ఇంధనం మండించి టర్బైన్‌ను తిరుగుతూ ఉంచుతారు. తుపాకుల మోతలా పేలుళ్లు, ఎర్రగా కాగే గొట్టాలు, తొందరగా అరిగిపోయే టర్బో. కోనిగ్‌సెగ్ సంస్థ తన జెస్కో కారుకు ఇంకో దారి పట్టింది. ఇథనాల్ కలిసిన ఇంధనంతో 1600 హార్స్‌పవర్ ఇచ్చే ఆ కారులో ఇరవై లీటర్ల గాలి సీసా ఉంటుంది. కాలు తొక్కగానే అందులోని కుదించిన గాలి టర్బోల మీదికి దూసుకొచ్చి వాటికి ముందస్తు ఊపు ఇస్తుంది. ఆడి 2016లో ఎస్‌క్యూ7 డీజిల్ కారులో ఇదే పనికి విద్యుత్ మోటారుతో తిరిగే కంప్రెసర్‌ను పెట్టింది. పావు సెకనులో అది నిమిషానికి డెబ్బైవేల చుట్ల వేగం అందుకుంటుంది.

నా వాదనకు వచ్చే అభ్యంతరాల్లో ఒకదాన్ని ఒప్పుకోవాలి. తిన్నని దారిలో దూసుకుపోయే డ్రాగ్ రేసులో లాగ్‌తో పెద్ద ఇబ్బంది లేదు. గీత దగ్గర నిలబడే రేస్ ఇచ్చి బూస్ట్ నింపుకుంటారు, ఆపైన ఇంజిన్ వేగం పడనివ్వరు. అక్కడ అంకెదే రాజ్యం. కానీ అది కాలు ఒక్కసారే తొక్కే ఆట. మలుపులున్న ఏ దారిలోనైనా కాలు వందసార్లు లేస్తుంది, దిగుతుంది. టర్బో ఎందుకు, పెద్ద ఇంజినే పెట్టుకోవచ్చుగా అనేది ఇంకో ప్రశ్న. పెట్టుకోవచ్చు, లాగ్ ఉండదు. బదులుగా ఆ బరువును, ఆ దాహాన్ని సిగ్నల్ దగ్గర ఊరికే నిలబడ్డప్పుడు కూడా మోయాలి. పొగతో కాక ఇంజిన్ బెల్టుతో తిరిగి గాలి నెట్టే సూపర్‌చార్జర్ వెంటనే పలుకుతుంది, కానీ తన కూలీ ఇంజిన్ నుంచే వసూలు చేసుకుంటుంది. లాన్సియా 1985లో డెల్టా ఎస్4 ర్యాలీ కారులో సూపర్‌చార్జర్‌ను కింద వేగాలకు, టర్బోను పై వేగాలకు కలిపి పెట్టింది. తెలివైన రాజీ, చేయడం మాత్రం తలనొప్పి.

అసలు కరెంటు బండ్లు వచ్చాక ఈ గొడవంతా పాతబడిపోయిందనేవాళ్ల మాటలో బలం ఉంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున, చిక్కడపల్లికి కూతవేటు దూరంలో, కరెంటు కార్ల ఫార్ములా ఈ పందెం జరిగింది. ఆ కార్ల గరిష్ఠ బలం 350 కిలోవాట్లు, అంటే సుమారు 470 హార్స్‌పవర్. లాగ్ అన్న మాటే లేదు. చిక్కడపల్లి స్టేషన్ నుంచి కదిలే మెట్రో రైలు కూడా అంతే. కానీ రోడ్డు మీద ఇప్పటికే తిరుగుతున్న టర్బో బళ్లు రేపే మాయం కావు. పైగా ఆ పందెంలో ప్రేక్షకులను ఆకట్టుకున్నది నా వాదనకు అనుకూలమే. వెయ్యి హార్స్‌పవర్‌లో సగం కూడా లేని కార్లు ఇరుకు మలుపుల్లో అంత చురుగ్గా కదిలాయంటే, అడిగిన క్షణంలో బలం అందబట్టే.

చివరి అభ్యంతరం చట్టానిది, దాన్ని కాదనడానికి లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్వరూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే ఏడాది చేసిన సవరణతో యజమానికి జరిమానా, జైలు కూడా ఉన్నాయి. వెయ్యి హార్స్‌పవర్ బండికి తగిన చోటు రేస్ ట్రాక్ మాత్రమే. లాగ్ తెలిసినవాళ్లకు ఈ నిబంధనలో న్యాయం ఇంకా బాగా కనిపిస్తుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు పదకొండు మీటర్లు కదులుతుంది. రెండు సెకన్ల లాగ్ ఉన్న బండిలో కాలు తొక్కిన చోటు ఒకటి, బలం విరుచుకుపడే చోటు ఇరవైరెండు మీటర్ల అవతల. నారాయణగూడ చౌరస్తాలో కాలు తొక్కినప్పుడు ఖాళీగా కనిపించిన రోడ్డు, బలం వచ్చేసరికి ఖాళీగా ఉంటుందన్న హామీ లేదు. 2023లో ఇందిరాపార్కు నుంచి వీఎస్టీ దాకా అశోక్‌నగర్ మీదుగా తెరిచిన ఉక్కు వంతెన నున్నగా, సిగ్నళ్లు లేకుండా ఉంది కదా అని రాత్రిళ్లు సరదా తీర్చుకోవాలనిపించేవాళ్లకు కూడా ఈ లెక్కే వర్తిస్తుంది.

చివరిగా మళ్లీ లాగ్ దగ్గరికే వద్దాం. ఫార్ములా వన్‌లో 2014 నుంచి టర్బో ఇరుసుకే ఒక విద్యుత్ మోటారు తగిలించి లాగ్‌ను దాదాపు తుడిచేశారు. అంత ఖరీదైన, క్లిష్టమైన యంత్రాన్ని భరించలేమని కొత్త కంపెనీలు మొరపెట్టుకోవడంతో 2026 నిబంధనల్లో దాన్ని తీసేశారు. అంటే ప్రపంచంలో అత్యంత నేర్పరులైన ఇంజనీర్లు కూడా చిన్న చక్రాలు, పొగ దారులు, బ్యాటరీ సాయం అంటూ పాత లెక్కలు మళ్లీ మొదలుపెట్టక తప్పలేదు.