ఛాతీ స్కానును రక్తపరీక్షలను చదువు విధము



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి విచ్చేసిన బంధువుల యెదుట నాలుగు మాటలు చెప్పుటకు అవకాశ మొసగిన ఆహ్వానసంఘమువారికి కృతజ్ఞుడను. నేను వక్తను గాను; రోగుల మంచముల ప్రక్కను కాలము గడపినవాడను. కావున 2021వ సంవత్సరపు వేసవిలో మన యిండ్లలో జరిగిన దానితోనే ప్రారంభించెదను.

ఆ ఏప్రిల్, మే మాసములలో కరోనావ్యాధి రెండవమారు విజృంభించినప్పుడు కోరుట్లలో ఒక గృహిణికి జ్వరము వచ్చెను. రెండవదినముననే ఛాతీ స్కాను తీయించిరి. దోషమేమియు లేదని రిపోర్టు వచ్చెను. దాని ఛాయాచిత్రము వాట్సాప్ ద్వారా దుబాయిలోని కుమారునకు చేరెను. వైద్యుడు చూడకమునుపే అతడు చూచి, తల్లికి ప్రమాదము లేదని తలచెను. ఇంటివారును అట్లే తలచిరి. తొమ్మిదవదినమున ఆమె మాటలాడుచు మధ్యమధ్య ఊపిరికై ఆగుట కనిపెట్టి, పొరుగున నున్న ముసలమ్మ నాకు కబురంపెను. అప్పటికి రక్తములోని ప్రాణవాయువు, అనగా ఆక్సిజన్, 84కు దిగియుండెను. ఆ వారముననే సిరిసిల్లలో ఒక మరమగ్గపు కార్మికుడు తన రిపోర్టుపై 9/25 అను అంకె చూచి, ఇక తనకు చావు తప్పదని అన్నము మానివేసెను. అతని ప్రాణవాయువు 97. మూడు వారములకు అతడు మగ్గము వద్దకు మరలెను. ఆమె మరలి రాలేదు.

ఆ రెండు కాగితములును అబద్ధమాడలేదు. మనము చదువుటలో తప్పితిమి. చదువవలసిన విధమేమో చెప్పుటకే ఈ ప్రయత్నము.

1895లో రంట్‌గెన్ కనుగొనిన ఎక్స్‌కిరణములనే చుట్టును త్రిప్పి, దేహమును పొరపొరగా చూపునట్లు చేసిన యంత్రమే సీటీ స్కాను. 1971లో లండనునందు హౌన్స్‌ఫీల్డ్ అను ఇంజనీరు దీనితో మొదటి రోగిని పరీక్షించెను. 1979లో ఆయనకు నోబెల్ బహుమానము కార్మాక్‌తో కలిపి లభించెను. మన వారికి దీనిని బోధించుట సులభము. నేసిన గుడ్డను వెలుతురున కెత్తినచో పలుచన యెక్కడనో, చిక్కన యెక్కడనో తెలియును గదా! గాలి నిండిన ఊపిరితిత్తి స్కానులో నల్లగా నుండును. వైరసు సోకిన చోట్ల గరుకుగాజువెనుక దీపమువలె మసక బూడిదవన్నె కనబడును. అయితే ఈ మసక జ్వరముతోపాటు రాదు. 2020లో చైనాదేశపు రోగులు 121 మంది స్కానులను పరిశీలించినప్పుడు, లక్షణములు పుట్టిన రెండు దినములలోపల తీయబడిన 36 మందిలో 20 మందికి ఊపిరితిత్తులు నిర్మలముగా నుండెను. మసక సాధారణముగా పదవదినము ప్రాంతమున అధికమగును. కోరుట్ల గృహిణి స్కాను రెండవదినమునాటి సత్యము మాత్రమే చెప్పినది.

ఇక ఆ ఇరువదియైదు సంగతి. కుడి ఊపిరితిత్తికి మూడు భాగములు, ఎడమదానికి రెండు. ఒక్కొక్క భాగమున మసక యెంతమేర వ్యాపించెనో చూచి 0 మొదలు 5 వరకు అంకె వేయుదురు. నూటికి 5 వంతులకు లోపున్న 1. 75 వంతులు మించిన 5. అన్నియు కూడిన 25. పాఠశాలలో మార్కులు పెరిగిన సంతోషింతుము, ఇక్కడ తగ్గిన సంతోషింతుము. ఇంతవరకు అందరికిని తెలిసినది. తెలియనిదేమనగా, ఈ అంకె విస్తీర్ణమునే కొలుచును. పాతమచ్చను, క్రొత్తమసకను వేరుపరచుట చదివెడు వైద్యుని కంటిలో నున్నది. మన మగ్గపువారిలోను, బీడీలు చుట్టు సోదరీమణులలోను ఎప్పుడో క్షయ సోకి మాని, మచ్చలు మిగిలినవారు కలరు. అట్టివారు పాత ఫిల్ము వెంట తీసికొనిపోక, ఆ మాట చెప్పకయున్న యెడల, చదువువానికి పొరపాటు కలుగవచ్చును. మరియొక చిక్కు: కొరాడ్స్ 5 అని యుండును. అది కరోనాయే యని బలమైన అనుమానమునకు గుర్తు. తీవ్రతకు గుర్తు కాదు. దానిని చూచి స్పృహ తప్పినవారిని నేనెరుగుదును.

స్కాను పనికిరానిదని నా తాత్పర్యము కాదు. ముక్కు పరీక్షలో రోగము లేదని వచ్చియు ప్రాణవాయువు తగ్గుచున్నప్పుడు అది మిక్కిలి యుపకరించెను. అకస్మాత్తుగా ఆయాసము హెచ్చిన యెడల రక్తనాళమున గడ్డ చేరినదేమో చూడవలయును; దానికి మామూలు స్కాను చాలదు, మందు ఎక్కించి తీయు వేరొక స్కాను కావలయును. కిరణముల ప్రమాదమునుగూర్చి 2021 మే నెలలో పెద్ద వివాదమే జరిగెను. ఢిల్లీ ఎయిమ్స్ అధిపతి గులేరియాగారు ఒక్క స్కాను 300 మొదలు 400 ఎక్స్‌రేలకు సమానమనిరి. రేడియాలజిస్టుల సంఘమువారు అది పాతలెక్క యని ఖండించిరి. లెక్క యెవరిదైనను, స్వల్పజ్వరమునకు వారమున మూడుమారులు తీయించుట తెలివి కాదని నా యభిప్రాయము.

రక్తపరీక్షలలో ముఖ్యమైనది సీఆర్‌పీ. 1930లో న్యూయార్కునందు న్యుమోనియా రోగుల రక్తమున టిల్లెట్, ఫ్రాన్సిస్ అను వారలు దీనిని కనుగొనిరి. దేహమున మంట యెంత యున్నదో ఇది చెప్పును, ఎందువలననో చెప్పదు. పుండుపడిన కాలునకును ఇది పెరుగును. ఒక సూక్ష్మము గమనింపుడు: ఒక ప్రయోగశాల లీటరునకు, మరియొకటి డెసిలీటరునకు లెక్కవేయును. అందుచేత ఒకచోట 50 అని వ్రాసినది, వేరొకచోట 5 అని వ్రాసినది ఒక్కటే కావచ్చును! ఈ భేదము చూడక, కరీంనగరు కాగితమును కోరుట్ల కాగితముతో పోల్చి తండ్రి కోలుకొనెనని పండుగ చేసికొనిన యింటిని చూచితిని. డీ-డైమరునకును ఇట్టి చిక్కే కలదు. పైగా అది వయస్సుతోను, గర్భముతోను, శస్త్రచికిత్సచేతను పెరుగును. ఫెర్రిటిన్ రక్తహీనత గల స్త్రీలలో మొదటినుండి తక్కువ యుండుటచే, వ్యాధిలో పెరిగియు మామూలుగా కనబడవచ్చును. లింఫోసైటులు తగ్గుచుండుట మాత్రము చౌకయైన సాధారణ రక్తపరీక్షలోనే తెలియును, దానినే మనవారు త్రోసివేసిరి.

ఈ అంకెలను చూచి తొందరపడి చేసిన పెద్ద అపచారము స్టెరాయిడ్ల విషయమున. 2020 జూనులో ఇంగ్లాండునుండి రికవరీ పరిశోధన ఫలితములు వెలువడెను. కృత్రిమశ్వాస యంత్రముపై నున్నవారిలో డెక్సామెథసోన్ మరణములను మూడవవంతు తగ్గించెను. ప్రాణవాయువు పెట్టినవారిలో అయిదవవంతు తగ్గించెను. ప్రాణవాయువు అక్కరలేనివారికి మేలేమియు కానరాలేదు. అయినను సీఆర్‌పీ పెరిగినదని మూడవదినముననే ఆ మాత్రలు మ్రింగినవారెందరో! చక్కెరవ్యాధి గలవారికి చక్కెర మితిమీరెను, కొందరికి నల్లశిలీంధ్రము సోకెను. మరియు స్టెరాయిడ్లు సీఆర్‌పీని తామే తగ్గించును గనుక, ఆ తగ్గుదలను చూచి రోగము తగ్గెననుకొనుటయు పొరపాటే.

ధరల మాట యొక్కటి. స్కానునకు 1995 రూపాయలు, సీఆర్‌పీకి 500, డీ-డైమరునకు 300 అని ప్రభుత్వము హద్దులు విధించినది 2021 జూనులో, అనగా ఉధృతి తగ్గిన పిమ్మట. అప్పటికే బంగారము కుదువబెట్టినవారు పెట్టియుండిరి. ఆ జూను 9న ప్రారంభమైన 19 ఉచితపరీక్షాకేంద్రములలో జగిత్యాల, సిరిసిల్ల రెండును ఉండెను. 57 విధముల పరీక్షలతో అవి ఆరంభమయ్యెను. జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు తెరువబడెను. కరీంనగరునకు పరుగెత్తుటకు ముందు వీనిని తలచుకొనవలయును.

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023 మే 5న అత్యవసరస్థితి ముగిసినదని ప్రకటించినది. అయినను వైద్యుని చూడక నేరుగా స్కాను గదికి పోవు అలవాటు మనలో మిగిలిపోయినది. ఇన్‌ఫ్లుయెంజాయు ఇతర వైరసులును ఊపిరితిత్తులలో ఇట్టి మసకనే కలిగించును. వాటిలోను ముందు చూడవలసినవి జ్వరము వచ్చి ఎన్నవదినమో, నిమిషమునకు ఊపిరి లెన్నియో, వ్రేలియంత్రము చూపు అంకె యెంతయో. కూర్చున్నప్పుడు బాగుగ నున్నవానిని ఆరు నిమిషములు ఇంటిలోనే నడిపింపుడు. 94కు దిగువకు జారినచో ఆ రాత్రి ఇంట నుంచకుడు. గోళ్లకు రంగుగాని గోరింటాకుగాని యున్న వ్రేలు తప్పుచెప్పవచ్చును, వేరొక వ్రేలు చూడుడు. ఆ కాగితముపై దినము, గంట వ్రాసి యుంచుడు. ఖరీదైన రిపోర్టుకన్న అది నాకు ఎక్కువ యుపయోగపడినది.

పాత ఫిల్ములు తెచ్చినవారు భోజనానంతరము పందిరి తూర్పుప్రక్కను నన్ను కలిసికొనవచ్చును. క్షయమచ్చలు గలవారి ఫిల్ములపై సంవత్సరము వ్రాసి యిచ్చెదను. వానిని పెట్టె అడుగున గాక, పైన నుంచుకొనుడు.