అనుమానం వచ్చింది అమ్మకా, ఒంటికా?

(సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రెండేళ్ల క్రితం మా అమ్మ పాస్‌బుక్ పట్టుకొచ్చి, "ఒరేయ్, నా పెన్షన్ డబ్బు కోడలు తీసేస్తోందిరా" అంది. పదిహేనేళ్లు సఖ్యంగా మెలిగిన అత్తాకోడళ్లు! బ్యాంకువాణ్ణి కదా, ప్రతి ఎంట్రీకీ టిక్కు పెట్టి చూపించాను. "నువ్వూ దాని వైపే" అంది. వారం తిరిగేసరికి కాఫీలో ఏదో కలుపుతోందని తాగడం మానేసింది. నా భార్య ఏడ్చి, పుట్టింటికి వెళ్లిపోతానంది. చుట్టాల్లో ఒకరు స్కిజోఫ్రీనియా అని తేల్చేశారు.

డాక్టరు గారు మాత్రం రెండే అడిగారు. ఎప్పటినుంచి? కొత్తగా ఏం మందులు వాడుతున్నారు? రక్తపరీక్షలో సోడియం 118 వచ్చింది. ఉండాల్సింది 135 నుంచి 145. నెల క్రితం బీపీకి మొదలుపెట్టిన, నీరు తీసే మాత్ర వల్ల పడిపోయింది. ఆసుపత్రిలో నెమ్మదిగా సరిచేశారు. పది రోజులకు అమ్మ కోడలి చేతి కాఫీయే కావాలంది.

పెద్దవయసులో హఠాత్తుగా అనుమానం మొదలైతే ముందు ఒంటిని చూపించాలి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, బి12 లోపం, స్టెరాయిడ్లు, పార్కిన్సన్స్ మందులు కూడా కారణం కావచ్చు. థైరాయిడ్ తగ్గినా మతి చలించవచ్చని ఇంగ్లండ్ వైద్యుడు రిచర్డ్ ఆషర్ 1949లోనే రాశారు. మతిమరుపు జబ్బులో, తామే దాచిన వస్తువు కనపడక 'దొంగిలించారు' అంటారు. చెవుడు వస్తే, వినపడని మాటలన్నీ తమ గురించే అనిపిస్తాయి.

వయసులో ఉన్నవారికీ ఇది రావచ్చు. తీవ్రమైన డిప్రెషన్, బైపోలార్, రోజుల తరబడి నిద్రలేమి, మద్యం, గంజాయి దీనికి దారితీస్తాయి. కొందరు ఉద్యోగం చక్కగా చేసుకుంటూ, భార్య మీదో భర్త మీదో మాత్రమే అనుమానం పెంచుకుంటారు. దాన్ని డెల్యూజనల్ డిజార్డర్ అంటారు. వీటన్నిటికీ చికిత్స ఉంది.

అలాంటప్పుడు వాదించకండి, అవునని ఒప్పుకోకండి. "భయంగా ఉందా? నేనున్నాను" అనండి. మందుల చీటీలన్నీ డాక్టరుకు చూపించండి, సొంతంగా ఏ మాత్రా ఆపకండి. సలహా కావాలంటే ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416. తెలుగులోనే మాట్లాడవచ్చు.

వివరం తెలియని ఎంట్రీని మనం సస్పెన్స్ అకౌంట్‌లో ఉంచుతాం. వోచరు చూడకుండా ఏ హెడ్ కిందా రాసెయ్యం. ఇంట్లో మనిషి విషయంలో ఆపాటి ఓపిక పట్టలేమా? నేను పట్టలేకపోయాను. ఆ వారం రోజుల్లో అమ్మను ఎన్నిసార్లు కసిరానో, ఆవిడకు గుర్తులేదు. నాకుంది.