కొళాయినీరు బయటపెట్టిన గుండె రహస్యము



తాంబూలమునకు రాచు సున్నమునకును గుండె కొట్టుకొనుటకును సంబంధము కలదన్నచో నవ్వువారుందురు. కాని సున్నమునందలి మూలధాతువగు కాల్షియము నెత్తురున లేనిచో గుండె ఆడజాలదు. ఈ సంగతిని వెల్లడించినవాడు లండను యూనివర్సిటీ కాలేజి ఆసుపత్రి వైద్యుడు సిడ్నీ రింగర్.

ఆయన కప్పగుండెను దేహమునుండి వేరుచేసి, ఉప్పునీటితో ఆడించుచు, నెత్తురునందలి ఏ లవణము గుండెకు ఏమి చేయునో పరీక్షించి 1882లో వ్యాసము ప్రకటించెను. పిమ్మట ఒక వింత బయటపడినది. ఆ ఉప్పునీరు ఆవిరిపట్టి చల్లార్చిన శుద్ధజలముతో గాక, న్యూ రివర్ కంపెనీవారి కొళాయినీటితో తయారైనదట! శుద్ధజలముతో మరల చేసి చూడగా గుండె నానాటికి గాదు, నిమిషనిమిషమునకు నీరసించి ఆగిపోయెను. కొళాయినీట కరగియుండు కాల్షియమును రవంత చేర్చగా తిరిగి ఆడసాగెను.

అచ్చయిన మాటను దిద్దుకొనుట ఎంతటి పండితునకైనను కష్టమే. జమాబందినాడు తేడా కనబడినచో చిల్లరఖర్చు క్రింద వ్రాసి కప్పిపుచ్చువారికి లోకమున కొదువ లేదు. రింగర్ 1883 నాటి వ్యాసమును ఆ కొళాయినీటి సంగతితోనే ఆరంభించెను. ఆ తేడాలోనే అసలు సొమ్ము దొరకినది.

తరువాతివారు తేల్చినది వినుడు. ప్రతి స్పందనమునకును ముందు గుండెకండరపు కణములోనికి కొద్దిపాటి కాల్షియము ప్రవేశించును. అది కబురు. ఆ కబురందగానే లోపలి కోశములలో నిలువయున్న కాల్షియము వెలువడి కండరమును ముడుచుకొనజేయును. దానిని అందుకొను ట్రోపోనిన్ అను మాంసకృత్తును జపాను శాస్త్రజ్ఞుడు సెత్సురో ఎబాషి 1960వ దశకమున కనుగొనెను. కాల్షియమును తిరిగి కోశములలోనికి తోడివేసినప్పుడే గుండె సడలి నెత్తురు నింపుకొనును. ఆ తోడుటకు ఏటీపీ అను పదార్థము శక్తినిచ్చును. దానిని 1929లో హార్వర్డున ఫిస్కెతో కూడి కండరమునందు గుర్తించినవాడు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావే.

గుండె నీరసించు జబ్బులో ఈ తోడుట మందగించును. ధాన్యము లేకపోలేదు, గాదెలో ఉండవలసినది వాకిట పడియున్నది. కోశము వెలితియగుటచే ముడుపునకు బలము చాలదు, బయట మిగిలినదానిచే సడలింపు పూర్తికాదు. కావున కాల్షియము బిళ్ళలు మ్రింగినంతమాత్రాన ఈ జబ్బు కుదురదు. కణములోనికి కాల్షియము ప్రవేశించుటను తగ్గించు వెరపమిల్ వంటి మందుల తెరగును జర్మనీలో ఫ్లెకెన్‌స్టైన్ వివరించెను. అవి రక్తపుపోటునకును, గుండెనొప్పికిని వాడుకలోనికి వచ్చినవి.

ఆసుపత్రిలో నరమునకెక్కించు రింగర్ లాక్టేటు సీసాపై ఆ వైద్యుని పేరు నేటికిని చదువవచ్చును. సీసాలోని నీట రవంత కాల్షియమును కలదు.